బర్మా చుక్కలు

బెజవాడ వించిపేటలో పరుపుల కరిముల్లా అంటే తెలియని ఇల్లు లేదు. కొత్త కాపురం పెట్టినా, బాలింతకి పక్క కావాలన్నా, పాత పరుపు అణిగిపోయి గట్టిపడినా జనం ఆయన కొట్టుకే వచ్చేవాళ్ళు. ఆయన నూర్‌బాషా. దూదేకడం, పరుపులు కుట్టడం తాతల నాటి పని. ఆ పని మధ్యలో వదిలేసి, మీసం సరిగా రాని వయసులో మద్రాసు వెళ్ళి సైన్యంలో చేరాడు. వంతెనలు కట్టే పటాలంలో వేశారు. అక్కణ్ణించి బర్మా పంపారు. యుద్ధం అయిపోయాక తిరిగొచ్చి, మళ్ళీ అదే కొట్టులో, అదే దబ్బనం పట్టుకుని కూర్చున్నాడు. తరవాత యాభై ఏళ్ళపాటు బెజవాడ దాటి వెళ్ళిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఆయన కోడలు సాజిదా. మంగళగిరి నేత కుటుంబం పిల్ల. పెళ్ళై వచ్చిన కొత్తల్లో ఆ ఇంట్లో ఆమెతో ముందుగా మాట కలిపినవాడు మామగారే. అత్తగారు అప్పటికే పోయారు. భర్త నిసార్ అహ్మద్ పొద్దున కొట్టుకి పోతే రాత్రికి గాని ఇంటికి చేరడు. సాజిదా చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే మామగారు ఎదురుగా పీట వేసుకుని కూర్చుని తనూ గుప్పెడు కాయలు తీసుకునేవాడు. అట్లా కాయలు వలుస్తూ, బియ్యంలో రాళ్ళేరుతూ ఆమెకి బర్మా అంతా చెప్పాడు. వానలో మూడు వారాలు ఆరని బట్టలు, జలగలు, అడవిలో పాడై పడిపోయిన లారీలు, చింద్విన్ నది మీద పడవలు పేర్చి కట్టిన వంతెన.

అన్నిటికంటే ఎక్కువగా చెప్పింది రత్తయ్య సంగతి. రత్తయ్యది కంకిపాడు. ఇద్దరూ ఒకే జట్టు. ఒకసారి తాడు తెగి కరిముల్లా నదిలో పడ్డాడు. ఈత రాదు.

"కృష్ణ ఒడ్డున పుట్టి ఈత రాదేంట్రా సాయిబూ అని తిడతానే దూకాడమ్మా" అనేవాడు మామగారు. "నా జుట్టు పట్టుకుని లాగాడు. ఒడ్డుకొచ్చాక చూస్తే వాడి చేతిలో గుప్పెడు జుట్టు ఉంది. ఇదిగో నీదే, దాచుకో అన్నాడు."

ఆ మాట దగ్గర ఆయన ఎప్పుడూ నవ్వేవాడు. ఆ నవ్వు చూసి సాజిదా కూడా నవ్వేది.

రత్తయ్య పోయి చాలా ఏళ్ళయింది. బర్మా నుంచి కరిముల్లా తెచ్చుకున్నదల్లా ఒక బిస్కెట్ల డబ్బా, అందులో పతకాలు. రెండు గుండ్రటివి, తెల్లగా ఉండేవి. రెండు ఆరు కోణాల చుక్కల్లాంటివి, ఇత్తడి రంగు. వాటి రిబ్బన్లని పురుగు తినేసింది. ఆయన వాటిని 'చుక్కలు' అనేవాడు. ఎవరైనా అడిగితే తప్ప డబ్బా తెరిచేవాడు కాదు. అడిగేవాళ్ళు కూడా పోనుపోను తగ్గిపోయారు. డబ్బా గూట్లో చెంబుల వెనక్కి, అక్కణ్ణించి అటక మీదకి పోయింది.

తొంభై అయిదు జనవరిలో, రంజాన్ నెల దగ్గర పడుతోందని ఇంటికి సున్నం వేయించారు. అటక మీది సామానంతా వాకిట్లో పోశారు. తుప్పు, బూజు, పనికిరాని ఇత్తడి. అడుగు ఊడిన చెంబు, తాళంచెవి లేని తాళాలు, వత్తులు కాలిపోయిన స్టవ్వు. సరిగ్గా అప్పుడే సైకిలు మీద స్టీలు సామాన్లవాడు వచ్చాడు. పాత ఇత్తడికి కొత్త స్టీలు. వాడు తెచ్చిన గిన్నెల్లో మూతతో ఉన్న పెద్ద గిన్నె ఒకటి సాజిదా కళ్ళకి బాగా ఆనింది. పండక్కి సేమియా వండటానికి సరిపోతుంది. ఇంట్లో ఉన్న ఇత్తడి తూచితే కొంచెం తక్కువొచ్చింది.

"ఇంకేమన్నా ఉంటే చూడమ్మా" అన్నాడు వాడు.

ఆమె చేతికి తుప్పు పట్టిన డబ్బా తగిలింది. అందులో ఏముందో ఆమెకి తెలుసు. తెలియదని తరవాత ఎన్నిసార్లు తనకి తాను చెప్పుకోవాలని చూసినా, తెలుసు. మామగారు కొట్టులో ఉన్నాడు. ఆయన దాన్ని ముట్టుకుని ఎన్నేళ్ళయిందో. పురుగు తిన్న గుడ్డ పేలికలూ, నాలుగు రేకు బిళ్ళలూ. ఎవరడుగుతారులే అనుకుంది. డబ్బా మూత తీసి, తక్కెట్లో వంచేసింది. ముల్లు సరిపోయింది.

ఆ పండక్కి సేమియా ఆ గిన్నెలోనే వండింది. మామగారు రెండుసార్లు వేయించుకుని తిన్నాడు.

జులై నెలలో ఒకరోజు సాయంత్రం వెంకటసుబ్బారావు గారని ఒకాయన స్కూటరు మీద వచ్చాడు. మాజీ సైనికుల సంఘం కార్యదర్శినని చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి యాభై ఏళ్ళవుతోందనీ, ఆ యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళు జిల్లాలో కొద్దిమందే మిగిలారనీ, పంద్రాగస్టు నాడు గాంధీనగర్‌లో వాళ్ళకి సన్మానం చేస్తున్నామనీ అన్నాడు.

"మీరు తప్పకుండా రావాలండీ కరిముల్లా గారూ. మెడల్స్ పెట్టుకుని రండి. పిల్లలు చూడాలి."

ఆయన వెళ్ళాక సాజిదా మామగారి మొహం చూసింది. డెబ్భై మూడేళ్ళ మనిషి, బడికి కొత్త చొక్కా కొనిపెట్టిన పిల్లాడిలా ఉన్నాడు.

"అమ్మాయ్, అటక మీద నా డబ్బా ఉండాలి, కాస్త దించుతావా? రిబ్బన్లు కొత్తవి కుట్టించుకోవాలి."

అప్పుడే చెప్పాల్సింది. ఒక్క మాట. ఆయన బాధపడేవాడు, నిసార్ నాలుగు కేకలు వేసేవాడు, అంతటితో పోయేది. ఆమె బల్ల వేసుకుని అటక ఎక్కింది, లేదని తెలిసీ వెతికింది. దిగేసరికి నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"సున్నాలప్పుడు మీరే తీసి ఎక్కడో జాగ్రత్త చేశారు కదా మామయ్యా. మర్చిపోయినట్టున్నారు."

"నేనా?"

"ఆ, మీరే. కొట్టుకి తీసుకెళ్తానన్నారు."

ఆయన కాసేపు ఆమెనే చూశాడు. అనుమానంతో కాదు. ఈ ఇంట్లో సాజిదా మాట అబద్ధమవుతుందని ఆయనకి తట్టనే తట్టదు. తన బుర్రలో వెతుక్కుంటున్నాడు, అంతే.

"అయ్యుంటుందిలే" అన్నాడు చివరికి.

కొట్టంతా వెతికాడు. దూది బస్తాలు ఒక్కొక్కటే కుమ్మరించాడు. దొరకలేదు. నాలుగు రోజులు పోయాక ఆయనకో ఆలోచన వచ్చింది. పరుపులో దూది కూరేటప్పుడు డబ్బా ఏ మూలో పడి ఉంటుంది, తను చూసుకోకుండా దబ్బనంతో కుట్టేసి ఉంటాడు. సున్నాల నాటి నుంచి కుట్టిన పరుపులు ఎవరెవరికి ఇచ్చాడో గుర్తు చేసుకున్నాడు. ఒక్కొక్క ఇంటికీ వెళ్ళడం మొదలుపెట్టాడు.

ఈ సంగతి ఇంట్లో తెలియలేదు. గాంధీనగర్ నుంచి ఒక ప్లీడరు గారి భార్య కొట్టుకి ఫోను చేసినప్పుడు బయటపడింది. నిసార్ పరిగెత్తి ఆటోలో తీసుకొచ్చాడు.

"వాళ్ళ పడగ్గదిలో నేల మీద కూర్చుని పరుపంతా తడుముతున్నాడు" అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి. "కుట్లు విప్పి చూస్తా, మళ్ళీ కుట్టిస్తా తల్లీ అని బతిమాలుతున్నాడంట ఆవిణ్ణి. ఇప్పటికి ఆరేడిళ్ళు తిరిగాడు. నాకు తలకొట్టేసినట్టయింది సాజిదా. డాక్టరుకి చూపించాలి."

మామగారు వాకిట్లో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. తల నిండా దూది పీచు. సాజిదా వెళ్ళి చేత్తో దులిపింది. ఆయన కదలకుండా దులిపించుకున్నాడు. ఎప్పుడూ అట్లా ఊరుకునే మనిషి కాదు.

ఆ రోజు నుంచి ఆయన దబ్బనం పట్టలేదు. ఏది ఎక్కడ కుట్టేస్తానో నాకే తెలియట్లేదు, నువ్వే చూసుకోరా అన్నాడు కొడుకుతో. మనవరాలు మహెక్, ఎనిమిదేళ్ళది, బర్మా కథ చెప్పమని ఒళ్ళో చేరితే దాని తల నిమిరాడు.

"అవన్నీ నిజంగా జరిగినయ్యో, ఎవరన్నా చెప్తే విన్నానో... ఏమోనే. ఆ చుక్కలుంటే తెలిసేది."

సాజిదా పొయ్యి దగ్గర ఉంది. పాలు పొంగిపోతున్నా చూడలేదు. నాలుగు బిళ్ళలే కదా ఇచ్చేసింది అనుకుంది ఇన్నాళ్ళూ. తను ఇచ్చేసింది ఇదా?

మర్నాడు ఆమె స్టీలు సామాన్లవాణ్ణి వెతుక్కుంటూ బయల్దేరింది. పంజా సెంటర్ దగ్గర దొరికాడు. మనిషి మంచివాడే, గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. "ఏ నెల మాలు ఆ నెల కొలిమికి పోద్దమ్మా. జనవరిది ఇప్పుడు యాడుంటది? కరిగి బిందో చెంబో అయిపోయుంటది" అన్నాడు.

ఇంటికి వచ్చే దారిలో రత్తయ్య గుర్తొచ్చాడు. ఇద్దరికీ ఒకే పతకాలు వచ్చాయని మామగారు చెప్పేవాడు.

మంగళగిరి పుట్టింటికి వెళ్ళొస్తానని చెప్పి కంకిపాడు బస్సెక్కింది. రత్తయ్య భార్య దానమ్మ చర్చి వెనక చిన్న డాబాలో కొడుకు దగ్గర ఉంటోంది. బర్మా కరిముల్లా కోడల్నని చెప్పగానే ముసలామె లేచి ఎదురొచ్చింది.

"అన్నయ్య బాగున్నాడా? మా ఆయన పోయినప్పుడొచ్చాడు, మళ్ళీ రాలేదు."

సాజిదా మంచినీళ్ళు తాగి, వచ్చిన పని చెప్పింది. అదీ సగమే. మామయ్య మెడల్స్ కనపడటం లేదు, రత్తయ్య గారివి ఒకసారి చూడాలని మనసు పడుతున్నాడు, చూపించి తెచ్చిస్తాను అంది. దానమ్మ ఇంకో మాట అడగలేదు. బైబిలు పక్కన గుడ్డలో చుట్టి పెట్టిన పతకాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. వీటికి రిబ్బన్లు బాగానే ఉన్నాయి.

"నాకు వీటి మొహం చూస్తేనే ఆయన గుర్తొస్తాడు. జాగ్రత్తమ్మా" అంది.

బస్సులో వస్తున్నంతసేపూ ఒళ్ళో ఆ మూట బరువెక్కుతూనే ఉంది. పోరంకి దగ్గర దిగిపోయి వెనక్కి వెళ్ళిపోదామా అనిపించింది. వెళ్ళలేదు. ఇంటికొచ్చి అలాంటిదే ఒక పాత డబ్బా వెతికి అందులో పోసింది. మామగారి ముందు పెట్టి, "బియ్యం డ్రమ్ము వెనక ఉంది మామయ్యా, రిబ్బన్లు కొత్తవి కుట్టించాను" అంది.

ఆయన మూత తీసి చుక్కని అరచేతిలో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని బొటనవేలితో దాని కోణాలు తడిమాడు. "ఇదే, ఇదే" అన్నాడు. తరవాత తిప్పి వెనక వైపు తడిమాడు. కళ్ళద్దాలు అడిగాడు. సైన్యంలో ఇంగ్లీషు అక్షరాలు నేర్పారు ఆయనకి. పతకాల వెనక సైనికుడి నంబరూ పేరూ చెక్కి ఉంటాయని సాజిదాకి తెలియదు.

ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాడు. మొహం పాలిపోయింది.

"అమ్మాయ్, ఇది రత్తయ్యది."

ఆమె డబ్బా అందుకోబోయింది.

"రత్తయ్యవి నా దగ్గరికెట్టా వచ్చినయ్యి?" డబ్బా పక్కన పెట్టి ఆమె వైపు భయంగా చూశాడు. "వాడు పోయినప్పుడు కంకిపాడు వెళ్ళాను. అప్పుడేమన్నా నేను తీసుకొచ్చేశానా? దొంగతనం చేశానా అమ్మాయ్? అదీ మర్చిపోయానా?"

సాజిదా ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. చెప్పేసింది. తక్కెడ, గిన్నె, అటక, అబద్ధం, కంకిపాడు. ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

అంతా విన్నాక ముందు ఆయన నుంచి వచ్చింది ఒక పెద్ద నిట్టూర్పు.

"అయితే నాకు మతి పోలేదన్నమాట."

ఆ మొహంలో సంతోషం చూసి సాజిదాకి ఏడుపు ఆగలేదు. తిట్టినా బాగుండేది. ఆ సంతోషం కాసేపే. అది తగ్గాక ఆయన మెల్లగా అన్నాడు.

"చుక్కలు పోతే పోయినయ్యి. ఇచ్చినోళ్ళే పోయారు. కానీ నేను బర్మా వెళ్ళానో లేదో నాకే అనుమానం వచ్చేట్టు చేశావు కదమ్మా. ఊరందరి పరుపులూ తడుముకుంటా తిరిగాను. తెలిశాక కూడా నువ్వు చూస్తానే ఉన్నావు."

"తప్పయిపోయింది మామయ్యా."

ఆయన లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం టీ తాగి, గ్లాసు ఆమెకి ఇవ్వకుండా తనే పంపు దగ్గర కడిగి బోర్లించాడు. మర్నాడూ అంతే. విషయం తెలిసి నిసార్ పెద్దగా అరిచాడు. ఆ అరుపులు ఆమెకి తేలిగ్గానే ఉన్నాయి. కడిగి బోర్లించిన ఆ గ్లాసు చూడటమే కష్టమైంది.

రెండు రోజుల తరవాత, "చీర మార్చుకో, కంకిపాడు వెళ్దాం. ఎవరి సొమ్ము వాళ్ళకివ్వాలి" అన్నాడు. దారంతా మాట్లాడలేదు. దానమ్మ ఇంట్లో మాత్రం ఆయనకి నోరు పెగిలింది. మూట చేతిలో పెట్టి, ముసలామె అడక్కుండానే రత్తయ్య కబుర్లు మొదలుపెట్టాడు. కొడుకూ కోడలూ వచ్చి చుట్టూ కూర్చున్నారు. నది సంగతి చెబుతూ ఒకచోట ఆగిపోయాడు.

"ఆ ఊరు... వంతెన కట్టిన ఊరు..." నుదురు రుద్దుకున్నాడు. అలవాటు చొప్పున కోడలి వైపు చూశాడు.

"కలేవా, మామయ్యా" అంది సాజిదా.

"ఆ, కలేవా" అని కథలోకి వెళ్ళిపోయాడు. చాలా రోజుల తరవాత ఆయన ఆమె కళ్ళలోకి చూసింది అప్పుడే.

బయల్దేరేముందు దానమ్మతో అన్నాడు: "పంద్రాగస్టుకి నువ్వు రావాలి చెల్లెమ్మా. బతికున్నోళ్ళనే పిలుస్తున్నారు వాళ్ళు. రత్తయ్య చుక్కలు నువ్వు పెట్టుకుని రా. ఎవరేమంటారో నేను చూస్తా."

పంద్రాగస్టు నాడు గాంధీనగర్ హాల్లో ముందు వరసలో ముసలివాళ్ళు కూర్చున్నారు. అందరి గుండెల మీదా పతకాలు తళతళలాడుతున్నాయి. వాళ్ళ మధ్య తెల్ల చీర కట్టుకుని, భుజం దగ్గర కొంగుకి రత్తయ్య పతకాలు పిన్నీసుతో పెట్టుకుని దానమ్మ కూర్చుంది. ఆమె పక్కన కరిముల్లా. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. దాని మీద ఏమీ లేదు.

సాజిదా వెనక, ఆడవాళ్ళ కుర్చీల్లో ఉంది. పేరు పిలిచారు. ఆయన వేదిక ఎక్కాడు. వెంకటసుబ్బారావు గారు శాలువా కప్పుతూ, మైకు దగ్గర ఉన్నానన్న సంగతి మరిచిపోయి, నొచ్చుకున్నట్టు అడిగాడు.

"మెడల్స్ ఏవండీ కరిముల్లా గారూ? పెట్టుకుని రమ్మన్నాం కదా."

హాలంతా వినపడింది. సాజిదా కుర్చీ అంచు పట్టుకుంది. నిసార్ తల దించుకున్నాడు.

మామగారు మైకు వైపు వంగాడు.

"ముసలోణ్ణి కదండీ. ఎక్కడో పెట్టి మర్చిపోయాను" అన్నాడు.

జనం జాలిగా నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. పక్క కుర్చీలో ఆమె సాజిదా వైపు వంగి, "పాపం, పెద్దాయనకి మతిమరుపా?" అంది. ఏ మాటతో ఆయన్ని ఇంటింటికీ తిప్పిందో ఆ మాటనే, ఆమె పరువు కోసం, ఊరి ముందు ఆయన నెత్తిన వేసుకున్నాడు. లేచి నిలబడి, కాదండీ, నేనే అని అరవాలనిపించింది. కుర్చీలోంచి లేవలేదు.

ఇంటికొచ్చాక, "అట్టా ఎందుకన్నారు మామయ్యా?" అని అడిగింది.

"ఇంకేమనాలి? మా కోడలు తూకానికేసిందనాలా?" అన్నాడు. శాలువా మడిచి ఆమె చేతికిచ్చాడు. తరవాత టీ అడిగాడు. తాగి గ్లాసు ఆమెకే ఇచ్చాడు.

మళ్ళీ కొట్టుకి వెళ్ళి దబ్బనం పట్టాడు. మహెక్‌కి కథలు చెప్పాడు. ఆ విషయం ఆయన మళ్ళీ ఎత్తలేదు. అంతటితో అయిపోయిందని ఇంట్లో అందరూ అనుకున్నారు.

రెండువేల సంవత్సరం వచ్చేసరికి ఆయనకి నిజంగానే మరుపు మొదలైంది. కళ్ళద్దాలు పెట్టుకుని కళ్ళద్దాల కోసం వెతికేవాడు. వన్‌టౌన్‌లో దారి తప్పితే ఎవరో తీసుకొచ్చి దిగబెట్టారు. ఒకరోజు రత్తయ్య ఎప్పుడొస్తాడని అడిగాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు సాజిదా, నిసార్ మందుల కోసం బయటికెళ్ళిన సమయం చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"డాక్టరుగారూ, మంచిగా ఉన్న మనిషిని నువ్వు మర్చిపోతున్నావు, మర్చిపోతున్నావు అంటే... దాంతో ఈ జబ్బు వస్తుందాండీ?"

ఆయన నవ్వాడు. "రాదమ్మా. ఇది వయసుతో వచ్చేది. ఎవరు ఏమన్నా, అనకపోయినా వచ్చేది."

ఆమె తల ఊపింది. డాక్టరు చదువుకున్నాడు, ఆయన చెప్పింది నిజమే అయ్యుంటుంది. ఆటోలో మామగారు పిల్లాడిలా ఆమె కొంగు పట్టుకుని కూర్చున్నాడు. ఆ చెయ్యి చూస్తుంటే డాక్టరు మాట నమ్మబుద్ధి కాలేదు.

అప్పటి నుంచి కథలు చెప్పడం ఆమె వంతైంది. పీట వేసుకుని ఎదురుగా కూర్చుని ఆయన సంగతులు ఆయనకే చెప్పేది. ఊళ్ళ పేర్లు, లారీలు, వాన. ఆయన శ్రద్ధగా వినేవాడు. కొన్నిసార్లు, "నీకెట్టా తెలుసమ్మా ఇదంతా? నువ్వూ వచ్చావా?" అనేవాడు. తను ఒక్క ముక్క తప్పు చెబితే సరిదిద్దేవాళ్ళు లేరని తెలిసి, కల్పించకుండా, ఆయన చెప్పింది చెప్పినట్టే చెప్పేది.

రెండువేల రెండు చలికాలంలో ఆయన నిద్రలోనే పోయాడు. సంఘం వాళ్ళు పూలగుత్తి తెచ్చారు. కంకిపాడు నుంచి దానమ్మ కొడుకు వచ్చాడు. పరుపులు కుట్టించుకున్న ఇళ్ళవాళ్ళు చాలామంది వచ్చారు. ప్లీడరు గారి భార్య కూడా వచ్చి సాజిదా పక్కన చాప మీద కూర్చుంది.

"చివర్లో ఎవర్నీ గుర్తుపట్టలేదంటగా. ఎప్పుడు మొదలైందమ్మా ఈ మరుపు?"

"మొన్న రెండువేలలోనండీ" అన్నాడు నిసార్, గుమ్మం దగ్గర నుంచి.

"కాదు, తొంభై అయిదులో" అంది సాజిదా.

నిసార్ ఆమె వైపు చూశాడు. తరవాత కూడా ఎవరడిగినా ఆమె అదే చెప్పింది.